చోటు అడిగిన ఆట
(నౌపడలో చేసిన స్మారక ఉపన్యాసం, అచ్చు ప్రతి)

ముందు వరుసలో గజ్జెలు కట్టుకుని కూర్చున్న తప్పెటగుళ్ల బృందానికి నమస్కారం. మీ ఆటకి పోవలసిన గంటని ఇవాళ నా మాటలు తినేస్తున్నాయి. అందుకు ముందే క్షమించమంటున్నాను.

మనం తలుచుకోడానికి వచ్చిన గురువుగారి పేరు నేను పలకను. బతికుండగా ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లని నేను చూడలేదు. బృందానికి గురువు, మా ఈడు గుంటలకి తాత. ఫొటో లేదని నిర్వాహకులు నొచ్చుకున్నారట. బల్ల మీద ఆ రేకు తప్పెట పెట్టారు కదా, అంచు నొక్కుకుపోయి, మెడ తాడు మూడుసార్లు మార్చింది. ఆయన పటం అదే అనుకోండి.

ఈమధ్య నాటక శాఖల్లోనూ బొమ్మల కళాశాలల్లోనూ ఒక మాట బాగా వినపడుతోంది. సైట్ స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్. ఫలానా చోటు కోసమే కట్టిన ప్రదర్శన, ఆ చోటులోంచి తీస్తే నిలబడనిది అని అర్థం. స్థల నిర్దిష్ట ప్రదర్శన అని తెలుగు చేశారు గానీ నాకు నాలుక తిరగదు. తాతకి ఇదంతా చెబితే ఒక్కటే అడిగాడు: "ఏ చోటూ కాకండా ఆడేది కూడా ఆటేటి బావూ?" ఆ ప్రశ్న పట్టుకునే ఇవాళ మాట్లాడతాను.

తప్పెటగుళ్లతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అది నాకు కళ్లెదుట ఉంది. పదిహేను, ఇరవైమంది మగవాళ్లు. రేకుతో చేసిన గుండ్రటి తప్పెట మెడలోంచి రొమ్ము మీదకి వేలాడుతుంది, రెండు చేతులతో దాన్నే కొడతారు. ఇది యాదవుల ఆట, గొల్లల ఆట. గంగమ్మ పాట, కాటమరాజు కథ పాడతారు. వానలు పట్టకపోతే ఊరివాళ్లే పిలిచి ఆడించుకునేవారు. వాయిద్యం రొమ్ము మీదే ఎందుకుండాలి, చంకలో పెట్టుకోవచ్చు కదా అని చిన్నప్పుడు తాతని అడిగాను. కాళ్లకి చోటు కావాలి, ఎగరాలి, ఒకడి భుజం మీద ఒకడు ఎక్కాలి, చేతులు ఖాళీగా ఉండకూడదు, ఇవన్నీ కుదిరే చోటు మనిషి ఒంట్లో అదొక్కటే అన్నాడు. ఆ ఎగరడమంతా కళ్లంలో నేర్చుకున్నది. పేడతో అలికి గట్టిపడ్డ కళ్లంలో, నూర్పులయ్యాక, కాలు దించితే నేల ఒక దెబ్బ తిరిగి కొడుతుంది. గజ్జె మోతకీ తప్పెట మోతకీ అడుగున ఆ మూడో దెబ్బ ఉంటుంది. జనవరి 26న పట్నంలో చెక్క వేదిక మీద ఎనిమిది నిమిషాలిచ్చి ఆడించినప్పుడు పోయింది ఆ మూడోదే. కిందున్నది బోలు చెక్క. మైకు దానికి ఇంకో హోరు కలిపింది. ఆట అయిపోయాక తాత వేదిక దిగి, చెప్పులు వేసుకుంటూ, "ఈడ నేల పలకదు" అన్నాడు. ఆయన చేసిన కళా విమర్శ అంతే.

ఇక మన ఊరికి వస్తాను. నౌపడ అనగానే దేశానికి ఉప్పు గుర్తొస్తుంది. వాగులోకి సముద్రపు పోటు ఎక్కుతుంది, ఆ నీళ్లని మడుల్లోకి మలుపుతారు, మడి నుంచి మడికి మార్చి ఎండబెడతారు, చివరి మడిలో తెల్లగా తేలాక కర్ర పలకలతో గట్టుకి లాగుతారు. అంతా ఎండాకాలపు పని. ఒక్క వాన పడితే నెల కష్టం నీళ్లపాలు. ఈ ఉప్పు ఇక్కడే ఆగలేదు. 1900లో పర్లాకిమిడి రాజావారు తమ డబ్బుతో నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు వేయించారు, పట్టాల మధ్య రెండున్నర అడుగులు. తర్వాత 1931 నాటికి అది గుణుపురం దాకా పెరిగింది, మొత్తం తొంభై కిలోమీటర్లు. కింద కొసలో ఉప్పు మడులు, పై కొసలో సవర గిరిజనులుండే కొండలు. మధ్యలో తెలుగూ ఒడియా కలిసి మాట్లాడే ఊళ్లు. 2004లో చిన్న పట్టాలు మూసి, పెద్ద పట్టాలు వేసి, 2011కి గుణుపురం దాకా మళ్లీ నడిపారు. ఇప్పుడు రైలు వేగంగా పోతుంది, ఆ సంగతి ఎవరూ కాదనరు.

పాత రైలు ఎంత నెమ్మది అంటే దాని మీద వేళాకోళాలు పుట్టడం సహజం. దిగి, చింతకాయలు కోసుకుని, మళ్లీ ఎక్కొచ్చు అనేవారు. తాత చెప్పిన కథ ఒకటి ఆ రైలుదే. కుర్రతనంలో బృందం పర్లాకిమిడికి ఆటకి పోతోందట. దారిలో ఇంజనుకి నీళ్లు పట్టే చోట బండి ఆగింది. కొండల నుంచి దిగి వచ్చిన సవర ఆడవాళ్లు చింతపండు గంపలతో, చీపురు కట్టలతో ప్లాట్‌ఫారం మీద కూర్చున్నారు. వీళ్లు తప్పెటలు విప్పారు. ఆట మొదలయ్యేసరికి ఆడవాళ్లు లేచి చేతులు పట్టుకుని వరస కట్టి, తమ అడుగు తాము వేశారట. గొల్లలు గంగమ్మ పాట మానలేదు, సవరలు తమ అడుగు మానలేదు. ఎవరూ ఎవరిదీ నేర్చుకోలేదు. ఒకే నేల మీద రెండు ఆటలు జరిగాయి. ఇంజను కూత వేసింది, ఎవరి పెట్టెలోకి వాళ్లు ఎక్కారు, బృందానికి రెండు గుప్పిళ్ల చింతపండు ముట్టింది. ఇందులో కొంత ఆయన కల్పనై ఉండొచ్చు. నేనేం పట్టించుకోను.

భిన్న సంస్కృతుల సహకారం అనే మాట ఎక్కడ విన్నా నాకు ఈ ప్లాట్‌ఫారమే గుర్తొస్తుంది. ఇప్పుడు ఆ మాటకి కలగలుపు అనే అర్థం చేస్తున్నారు. థింసా అడుగులో కాస్త కూచిపూడి, పైన కీబోర్డు. అలా కలిపిన దాంట్లో ఏది ఎవరిదో పోల్చుకోలేం. ప్లాట్‌ఫారం మీద పోల్చుకోగలిగారు.

సహకారం అంటే ఏమిటో విజయనగరంలో ఏటా ఒక మంగళవారం చూడొచ్చు. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఏ చెట్టు కావాలో అమ్మ పూజారికి కలలో చెబుతుందని నమ్మకం. ఆ చింతమాను ఏ రైతు చేలో ఉందో వెతికి పట్టుకోవాలి, పూజ చేయాలి, కొట్టి తేవాలి, పొడవాటి సిరిమానుగా చెక్కాలి. ఆ మాను కొసన ఆసనం కట్టి, దాని మీద పూజారిని కూర్చోబెట్టి, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. మాను ఒంటరిగా కదలదు. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల నడుస్తాయి. ఒక్కొక్కటి ఒక్కొక్క కులం చేతి పని. బెస్తవారి వలని నేను ప్రత్యేకంగా చూస్తాను. చేపల వలని వీధిలోకి తెచ్చి నడిపించడం ఏమిటి? సముద్రం లేని వీధిలో సముద్రం మీద బతికేవాళ్లు ఉన్నారని ఊరికి చూపించడం. కోట గోడ మీద రాజకుటుంబం కూర్చుని చూస్తుంది. ఆ కోట, ఆ గుడి, ఆ మధ్య దారి కాకుండా ఇంకెక్కడ తిప్పినా అది మాను అవుతుంది గానీ సిరిమాను కాదు. అయితే ఇందులో ఒక ఇబ్బంది ఉంది. నేను దాచను. ఎవరి పని వాళ్లది అన్నప్పుడు ఎవరి మెట్టు వాళ్లది అనే పాత కట్టు కూడా వెంట వస్తుంది. వల పట్టినవాడు మాను ఎక్కలేడు. ఉత్సవాన్ని మెచ్చుకునేవాళ్లం ఆ సంగతి మెచ్చుకోలులో మింగేస్తాం.

మెట్లు అన్నాను కదా, ఇంకో మెట్ల కథ. ఇక్కడికి ఉత్తరాన కంచిలి మండలంలో జలంత్రకోట ఉంది. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఆ చిన్న జమీందారీ రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద ప్రహ్లాద నాటకం పుట్టింది. అసలు రాసింది ఆస్థాన కవే అని వాదించేవాళ్లూ ఉన్నారు. భాష ఒడియా, అక్కడక్కడ సంస్కృతం. రాగాల్లో దక్షిణాది పోకడ, నడకలో మన వీధి భాగవతం పోలిక. ఊరి వీధిలో చెక్క మెట్లు కడతారు. అన్నిటికన్నా పైమెట్టు హిరణ్యకశిపుడి సింహాసనం. గాహకుడు పక్కన నిలబడి పాట ఎత్తుతాడు, వేషగాడు ఆడతాడు, రాత్రంతా నడుస్తుంది. నరసింహుడి ముసుగుకి మామూలు రోజుల్లోనూ పూజ ఉంటుంది. అది పెట్టుకున్నవాడికి పూనకం వస్తుంది. అప్పుడు నలుగురు బలమైనవాళ్లు పట్టుకుని ఆపకపోతే పైమెట్టు మీది రాజు వేషానికి నిజంగానే ముప్పు. ఇక్కడ ఒక మనవి. ఈ నాటకం ఒడియాలో ఉందని తెలుగు నాటక చరిత్రలు దాన్ని దాటేస్తాయి. పుట్టిన ఊరు ఇప్పుడు ఆంధ్రలో ఉందని ఒడిశావాళ్లకి ఆ ఊరు పరాయిది. ఆట సరిహద్దుకి అటు, ఊరు ఇటు. జలంత్రకోట బడిపిల్లల్లో ఎంతమందికి తమ ఊళ్లో ఒక నాటకం పుట్టిందని తెలుసో నాకు అనుమానమే.

ఆ సరిహద్దు గీసింది 1936 ఏప్రిల్ 1న. అప్పటిదాకా మనదంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. పర్లాకిమిడి ఒడిశాకి పోయింది, టెక్కలి, నౌపడ ఇటు మిగిలాయి. శ్రీకాకుళం పేరుతో జిల్లా రావడానికి 1950 ఆగస్టు 15 దాకా ఆగాలి. సరిహద్దు గీసిన రోజునే పర్లాకిమిడి వదిలి రాజమండ్రి వెళ్లిపోయిన పెద్దాయన గిడుగు రామమూర్తి. వ్యావహారిక భాషోద్యమం చెప్పుకుంటాం, ఆగస్టు 29న దండలు వేస్తాం. ఆయన చేసిన ఇంకో పని నాకు ఎక్కువ ఇష్టం. బడిపంతులు ఉద్యోగం చేస్తూ, తెలుగు తెలిసిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని సవర భాష నేర్చుకున్నాడు. ముందు విన్నాడు, తర్వాతే రాశాడు. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. అంటే ఆ వినడం దశాబ్దాల పాటు సాగింది. అదే 1936లో గుణుపురం ప్రాంతంలో మంగెయి గొమాంగో అనే సవర ఆయన తమ భాషకి సొంత లిపి, సొరంగ్ సొంపెంగ్, కట్టాడు. బయటివాడు నేర్చుకోవడం ఒకటి, లోపలివాడు తనది తాను రాసుకోవడం ఇంకొకటి. రెండూ ఒకే రైలు దారిలో జరిగాయి. సహకారం గురించి పుస్తకం రాయాలనుకునేవాళ్లు ఆ దారి ఒకసారి ఎక్కి దిగమని నా సలహా.

సవరల గురించి ఇంకో మాట. ఎర్రమట్టి అలికిన ఇంటి గోడ మీద వరిపిండితో వాళ్లు బొమ్మ వేస్తారు. మనుషులు, ఏనుగులు, సూర్యుడు, ఇప్పుడైతే రైళ్లు, విమానాలు కూడా. బొమ్మ అలంకారం కోసం కాదు. చనిపోయినవాళ్లకీ దేవతలకీ అది ఇల్లు. ఆత్మ వచ్చి అందులో ఉంటుంది. పూనకం వచ్చిన పూజారి నోట చనిపోయినవాళ్లు మాట్లాడతారు, బతికున్నవాళ్లు వాళ్లతో వాదులాడతారు, ఏడుస్తారు, అప్పులూ అలకలూ తీర్చుకుంటారు. పియర్స్ విటెబ్‌స్కీ అనే ఇంగ్లీషు పరిశోధకుడు డెబ్బైల్లో ఒడిశా వైపు సవరల మధ్య ఉండి ఆ సంభాషణల మీద 1993లో పుస్తకం తెచ్చాడు. ఆ గోడ బొమ్మని గుడ్డ మీద వేసి చట్రం కట్టి అమ్ముతున్నారిప్పుడు. అమ్మడం తప్పని నేననను, గీసేవాడికి బియ్యం రావాలి. కానీ చట్రంలో ఎవరుంటారు?

పాణిగ్రాహిని వదిలి ఈ రెండు భాషల నేల సంగతి ముగించలేను. బొడ్డపాడు సుబ్బారావు పాణిగ్రాహి ఒడియా ఇంటిపేరున్న పూజారి. తెలుగులో పాట కట్టాడు, జముకుల కథ చెప్పాడు. జముకు తెలుసు కదా, తోలు మధ్యలోంచి వచ్చిన తీగ లాగి మీటితే డుబుక్కు డుబుక్కుమని మూలుగుతుంది. దేవతల కథలు చెప్పుకునే ఆ వాయిద్యాన్ని ఆయన కూలి గురించీ భూమి గురించీ మాట్లాడించాడు. శ్రీకాకుళం గిరిజన సాయుధ పోరాటంలోకి, కొండల్లోకి తీసుకుపోయాడు. 1969 డిసెంబరులో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆయన రాజకీయంతో ఒప్పుకున్నవాళ్లూ ఒప్పుకోనివాళ్లూ ఈ సభలో ఉన్నారు. జముకు సంగతి మాత్రం ఇద్దరూ కాదనరు.

బయటి ప్రపంచానికి త్వరగా వెళ్లొస్తాను. 1985లో పీటర్ బ్రూక్ అనే ఇంగ్లీషు దర్శకుడు మహాభారతాన్ని ఫ్రాన్సులో అవిన్యోఁ దగ్గర రాతి గనిలో ఆడించాడు. తొమ్మిది గంటలు. ఎన్నో దేశాల నటులు, ద్రౌపదిగా మన మల్లికా సారాభాయ్. గని గొప్పగా కుదిరిందన్నారు. అయితే మన రుస్తుం భరూచా లాంటి నాటక విమర్శకులు, కథ తీసుకున్నావు గానీ ఆ కథ బతికే ఊళ్లు నీకు పట్టలేదే అని నిలదీశారు. నేను భరూచా వైపే. బెల్జియం నుంచి మెక్సికో చేరిన ఫ్రాన్సిస్ ఆలిస్ అనే కళాకారుడు 2002లో పెరూ దేశంలో లిమా నగరం పక్కన ఇసుక దిబ్బ దగ్గరకి అయిదువందలమంది వాలంటీర్లని పిలిచాడు. అందరికీ పారలిచ్చాడు. ఒకే వరసలో నిలబడి దిబ్బని కొద్దిపాటి దూరం జరిపారు. పని కంటికి కనపడదు, ఊరి నోట్లో కథగా మిగులుతుంది. ఇది నాకు నచ్చింది. కానీ ఉప్పు మడి దగ్గర ఈ సంగతి చెప్పినప్పుడు ఒక కూలీ అడిగింది: "కూలెంతిచ్చారు?" వాళ్లు స్వచ్ఛందంగా వచ్చారమ్మా అన్నాను. ఆమె నవ్వలేదు. మేం రోజూ దిబ్బలు జరుపుతాం అంది.

అసలు నేనీ ఉపన్యాసం ఒప్పుకున్నది ఇక్కడ జరిగిన ఒక సంగతి చెప్పడానికే. కొన్నేళ్ల కిందట ఒక బృందం, పేరు చెప్పను, ఉప్పు మడుల్లో ప్రదర్శన చేస్తామని వచ్చింది. మంచివాళ్లే, చదువుకున్నవాళ్లే. తెల్లబట్టలు కట్టి, గొడుగులు పట్టి, ఉప్పు కుప్పల మధ్య నెమ్మదిగా నడిచారు. వెనక మన కూలీలు వరసగా నిలబడాలి, పని చేస్తున్నట్టు ఉండాలి కానీ చేయకూడదు. నేనే వాళ్లకి దుబాసీని, కాబట్టి నా తప్పు కూడా ఉంది. వాళ్లు ఎంచుకున్న రోజు ఉప్పు లాగే రోజు. చివరి మడి తేలిపోయింది, మబ్బు కూడా పడుతోంది. సాయంత్రానికి కూలీలు పలకలు పట్టుకుని తొందరపడ్డారు. ఆ రాత్రి వాన వచ్చింది. లాగని మడి కరిగిపోయింది. బృందం రోజు కూలి ఇచ్చింది, అది నిజం. కూలి సంగతి సరే, కరిగిన ఆ మడికి ఇవ్వవలసింది ఎవరు ఇస్తారో ఎవరూ మాట్లాడుకోలేదు.

మర్నాడు ఇదంతా తాతకి చెప్పాను. ఆయనకి అప్పటికి ఒంట్లో బాగులేదు, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. తిట్టలేదు. "ఆట మంచిదేనా?" అని అడిగాడు. బాగానే ఉంది తాతా అన్నాను. "మడిని అడిగినారా?" అన్నాడు. మడిని ఎలా అడుగుతారు? నాకు వెంటనే అర్థం కాలేదు. కళ్లంలో ఆడాలంటే నూర్పులు ఎప్పుడవుతాయో రైతుని అడిగి ఆడేవాళ్లం అన్నాడు. గడ్డి ఇంకా ఉంటే పక్క కళ్లానికి పోయేవాళ్లం. రైతు వద్దంటే ఆట లేదు. చోటు అంటే తీరిక కూడానని ఆయన చెప్పాడు. ఈ మాట నేను కల్పించలేదు, "తీరిక" అనే మాటే వాడాడు.

దేశం మొత్తానికి తెలిసిన ఉప్పు ఆట ఒకటుంది కదా. 1930 మార్చి 12న సబర్మతి నుంచి 78 మందితో బయలుదేరి, ఏప్రిల్ 6న దండిలో గుప్పెడు ఉప్పు ఎత్తిన ముసలాయనది. ఇరవైనాలుగు రోజులు, సుమారు 390 కిలోమీటర్లు. దాన్ని ప్రదర్శన అంటే కొందరికి కోపం రావచ్చు. నాకు మాత్రం అంత పెద్ద ప్రదర్శన ఇంకోటి గుర్తురాదు. ఆయన ముందు వైస్రాయికి ఉత్తరం రాశాడు, దారి పొడుగునా ఊళ్లకి ముందే మనుషుల్ని పంపాడు, ఆగిన ప్రతి ఊళ్లో ఆ ఊరి సంగతి అడిగాడు. గుప్పెడు ఉప్పు ఎత్తడానికి ముందు అంత అడగడం ఉంది.

వచ్చినవాళ్లకి చోటు ఎలా ఇస్తారో చూడాలంటే పక్కనే తేలినీలాపురం ఉంది. చలికాలానికి ముందు గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ వస్తాయి, మన ఇంటి చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. సైబీరియా నుంచి వస్తాయని బోర్డులు కూడా రాసేశారు గానీ ఇవి మన ఉపఖండపు పక్షులే, పక్క ఊరి చుట్టాలు. ఏ దేశం నుంచి వచ్చాయన్నది ఆ ఊరివాళ్లకి పెద్ద విషయం కాదు. పెరట్లో రెట్ట పడుతుంది, చేపల కంపు కొడుతుంది, అయినా చెట్టు కొట్టరు. పక్షి రాకపోతే ఆ ఏడు బాగుండదని దిగులు పడతారు. వచ్చే కళాకారులు ముందు ఆ ఊరికి పోయి ఒక రాత్రి పడుకుంటే నేను చెప్పే సగం మాటలు అక్కరలేదు.

నిర్వాహకులకి ఒక విన్నపం చేసి కూర్చుంటాను. వచ్చే ఏడు ఈ ఉపన్యాసం హాల్లో పెట్టకండి. మడుల గట్టు మీద పెట్టండి, తప్పెటగుళ్లు ముందు, మాట తర్వాత. గుణుపురం రైల్లో సవర బృందాన్ని పిలిపించండి, వాళ్ల అడుగు వాళ్లని వేయనివ్వండి. కానీ కార్డులు అచ్చు వేసే ముందు మడి కూలీల దగ్గరకి వెళ్లి ఏ రోజు వీలని అడగండి. వాళ్లు తేదీ చెప్పకుండా తిథి చెబుతారు. పున్నమి మాత్రం ఒప్పుకోరు, ఆ పోటుకి మడుల్లోకి నీళ్లు ఎక్కించుకోవాలి.